ఆ ఇద్దరూ ఒక్కరే

ఇలోయిలో సిటీ హాలు మెట్ల పక్కన
నీలం గొడుగు, బల్ల, ఓ పాత టైప్‌రైటర్.
అదే నా దుకాణం.
యంత్రంలో 'ఓ' అక్షరం మరీ పదునెక్కి
కొట్టినప్పుడల్లా కాగితానికి చిల్లు పొడుస్తుంది.
బాగు చేయించమంటారు లోపలి గుమాస్తాలు.
చేయిస్తానంటాను.
పదకొండేళ్లుగా అంటున్నాను.

పొద్దున్నే వచ్చారు తెయోఫిలో, క్రిసాంతా.
ఆయనకి అరవై రెండు, ఆవిడకి యాభై ఎనిమిది.
ఒకే పడవ, ఒకే పొయ్యి, ఐదుగురు పిల్లలు,
ముప్పై ఒక్క ఏళ్ల సంసారం.
పెళ్లి మాత్రం వచ్చే నెల.
ఇప్పుడెందుకని నేనడగలేదు,
ఆ ప్రశ్నకి నా దగ్గర రేటు లేదు.
ఆయనే చెప్పాడు, మోకాలు రుద్దుకుంటూ:
"పింఛను ఫారంలో 'భార్య' అని ఓ గడి ఉంది.
ఖాళీగా వదిలితే ఊరుకోరట."

ఐదేళ్లకి పైగా కలిసి బతికినవాళ్లకి
లైసెన్సు అక్కర్లేదు,
పది రోజులు నోటీసు బోర్డు మీద
పేర్లు ఎండబెట్టుకోనక్కర్లేదు.
ప్రమాణపత్రం చాలు.
కానీ జనన పత్రం ఉండాలిగా!

కవరు విప్పింది క్రిసాంతా.
చదివాను. మళ్లీ చదివాను.
ఇంటిపేరు సరే. తల్లి పేరు సరే.
పుట్టిన చోటు గిమారాస్, సరే.
పేరు ఉండాల్సిన చోట
'ఆడ శిశువు'.

మంత్రసాని చెప్పిందట, గుమాస్తా రాసుకున్నాడట,
పేరు తర్వాత పెడతామన్నారట ఇంట్లో.
పెట్టారు కూడా.
ప్రభుత్వానికి చెప్పడం మరిచారు.

"అయితే క్రిసాంతా అనే మనిషి
ఈ దేశంలో పుట్టనేలేదు" అన్నాను.
పై పళ్లు రెండు లేని నవ్వు నవ్వింది ఆవిడ.
"మరి ముప్పై ఏళ్లు వండిపెట్టింది ఎవరంట?"

తెయోఫిలో నవ్వలేదు.
టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.
"రాయమ్మా, ఆ శిశువూ ఈవిడా ఒకటేనని.
నేను సాక్షి."
"మీరు పనికిరారు. పెళ్లికొడుకు కదా.
ఈవిడ వల్ల ఏ లాభమూ లేనివాళ్లు కావాలి, ఇద్దరు."
"లాభమా" అన్నాడు.
లెక్క తేల్చుకుంటున్నట్టు
చాలాసేపు నది వైపు చూశాడు.

చేపల బజారు నుంచి ఓ ఆవిడని పట్టుకొచ్చారు.
తూకం దగ్గర ఇరవై ఏళ్లుగా క్రిసాంతాతో తగువు.
"దీని వల్ల నాకు లాభమా? నలభై పెసోలు బాకీ!"
అంతకంటే నిష్పక్షపాతం ఎక్కడ దొరుకుతుంది?
రెండో సాక్షి, ఆమె తమ్ముడు, సంతకం పెట్టి
కుర్చీలోనే కునికాడు.

ఇక నా సంగతి.
నా జనన పత్రంలో అచ్చుతప్పు లేదు.
పెళ్లి పత్రం మరీ శుభ్రం.
అందులో ఉన్న మనిషి మాత్రం
తొమ్మిదేళ్లుగా దవావోలో, ఇంకొకామె వంటింట్లో.
ఈ దేశంలో విడాకుల ఫారం లేదు.
ఎన్ని వేల కాగితాలు కొట్టాను!
నాక్కావలసింది ఎవరూ అచ్చువేయలేదు.
రికార్డు గదిలో మేమిద్దరం
ఇంకా పక్కపక్కనే ఉన్నాం, బూజు కింద.

అదంతా వాళ్లకెందుకు చెప్తాను?
కొట్టాను:
పై పత్రంలోని ఆడ శిశువు, ఈ క్రిసాంతా
వేర్వేరు కాదు, ఒక్కరే.
ఇది మొదటి మెట్టేనన్నాను.
ఇంకా అర్జీ ఉంది, పత్రికలో ప్రకటన ఉంది, రుసుము ఉంది,
వచ్చే నెల అనుకున్నది ఎప్పటికో.

ఆయన కాగితం ఎండకెత్తి చూశాడు.
తన పేరులో రెండు చిల్లులు.
వాటిలోంచి రెండు వెలుగు చుక్కలు దిగి
ఆవిడ బుగ్గ మీద వాలాయి.
పొలుసులనుకుందో ఏమో,
కొంగు లేని చేత్తో తుడుచుకుంది.
పోలేదు.

"సంతకం ఏ పేరుతో పెట్టను?" అంది.
"మీకు ఏది రాయొస్తే అది."
నాలుక బయటపెట్టి, మెల్లగా,
బళ్లో పిల్లలా రాసింది.
వెనక ఎవరో అప్పుడే కుర్చీ లాగుతున్నారు.